మాధవాయిపాలెం గుడ్డ, కోరంగి గాలి: కొన్ని ఇంగ్లీషు మాటల పాత అర్థాలు

(నరసాపురంలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, పుస్తకాలంటే ఇష్టమున్న పెద్దల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇంగ్లీషు మాటల పాత అర్థాల గురించి మాట్లాడాలంటే నరసాపురం కంటే తగిన ఊరు లేదండి. మీలో సఖినేటిపల్లి వైపు నుంచి పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చినవాళ్ళు ఉంటారు. మీరు దిగింది మాధవాయిపాలెం రేవులో. ఆ మాధవాయిపాలెం ఇంగ్లీషు నిఘంటువులో ఉంది. ఊరి పేరుగా కాదు, గుడ్డ పేరుగా. 'మాడపొల్లం' అంటే నున్నటి తెల్లటి నూలుగుడ్డ. ఫ్రెంచివాళ్ళూ ఆ మాట తీసుకున్నారు, స్పెయిన్ వాళ్ళ నిఘంటువులోనూ 'మదపొలాన్' అని ఉంది.

పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఈ గోదావరి పాయల వెంట విదేశీ వర్తకులు బారులు తీరి ఉండేవారు. పాలకొల్లులో డచ్చివాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు, మాధవాయిపాలెం, బండమూర్లంక, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు. అందరికీ కావలసింది మన సాలెల మగ్గం మీది గుడ్డే. కోళిక్కోడు పేరు 'కాలికో' అయినట్టు, మోసుల్ పేరు 'మస్లిన్' అయినట్టు, గుడ్డ బయల్దేరిన చోటి పేరు గుడ్డకే స్థిరపడింది. ఆ తరవాత జరిగింది మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది. ఇంగ్లండులో మరమగ్గాలు వచ్చాక అదే రకం గుడ్డను అక్కడ నేసి, అదే పేరు పెట్టి మన దేశానికి ఎగుమతి చేశారు. 1886లో హెన్రీ యూల్, ఏ.సీ. బర్నెల్ కలిసి తెచ్చిన 'హాబ్సన్-జాబ్సన్' అనే ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువులో ఈ సంగతి నమోదై ఉంది. ఇక్కడి నేతగాడి ఊరి పేరును మోసుకుంటూ అక్కడి మిల్లు గుడ్డ అతని పొట్ట కొట్టడానికి వచ్చిందన్నమాట.

ఇప్పుడు ఇంకో మాట. పాత పుస్తకాలు 'మాధవాయిపాలెంలో ఇంగ్లీషు వారి ఫ్యాక్టరీ ఉండేది' అంటాయి. ఇది చదివిన పిల్లలు పొగగొట్టాలు, యంత్రాలు, షిఫ్టులు ఊహించుకుంటారు. అక్కడ ఏ వస్తువూ తయారయ్యేది కాదు. ఆ రోజుల్లో 'ఫ్యాక్టర్' అంటే యజమాని తరఫున క్రయవిక్రయాలు చేసే ఏజెంటు. ఆ ఏజెంట్లు ఉండే ఇల్లు, సరుకు దాచే కొట్టు, లెక్కలు రాసే గది, వీటన్నిటికీ కలిపి 'ఫ్యాక్టరీ'. వస్తువులు తయారుచేసే కర్మాగారం అనే అర్థం బలపడింది తరవాత. ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీ కొలువులో మెట్లు చూడండి: అన్నిటికంటే కింద రైటరు, దానిపైన ఫ్యాక్టరు, ఆపైన జూనియర్ మర్చంటు, సీనియర్ మర్చంటు. రైటరంటే ఇవాళ ఇంగ్లండులో కథలూ నవలలూ రాసేవాడు. కంపెనీకి మాత్రం గుమాస్తా. మనం ఇప్పటికీ పోలీసు స్టేషనుకు వెళ్తే 'రైటరు గారు ఉన్నారా?' అని అడుగుతాం, రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజు రైటరును వెతుక్కుంటాం. కంపెనీ నాటి అర్థం మన స్టేషన్లలో ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత ఇంగ్లీషు కాగితం ఏది చేతికొచ్చినా ముందు దాని తేదీ చూడండి, ఆ తరవాతే మాటకు అర్థం చెప్పుకోండి. మన జిల్లా చరిత్ర సగం ఆ కాగితాల్లోనే ఉంది కాబట్టి ఇది మనకు అవసరమైన పని.

మాటకు తేదీ వేయడమనే ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1857లో లండన్‌లో ఫిలలాజికల్ సొసైటీ ఒక ఆలోచన చేసింది: ప్రతి మాటకూ అది పుట్టిన దగ్గర్నుంచి వాడిన వాక్యాలు సేకరించి, సంవత్సరాలు వేసి, వరసగా అచ్చువేయాలి. 1879లో జేమ్స్ మర్రే అనే స్కాట్లండు బడిపంతులు సంపాదకత్వం తీసుకున్నాడు. తన పెరట్లో ఇనపరేకుల షెడ్డు వేయించుకుని అందులో కూర్చుని పనిచేశాడు. జీతం భత్యం లేని పాఠకులు వేలమంది తాము చదివిన పుస్తకాల్లోంచి వాక్యాలు చీటీల మీద రాసి పోస్టు చేసేవారు. 1884లో మొదటి భాగం వెలువడింది. మర్రే 1915లో పోయాడు, నిఘంటువు 1928లో పూర్తయింది. నాలుగు లక్షలకు పైగా మాటలు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువని మనం పిలిచేది అదే. తన పని పూర్తికాదని తెలిసి కూడా అంత శ్రద్ధగా చేసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

ఆ నిఘంటువులో 'నైస్' దగ్గర ఆగండి. ఇవాళ మనం ఇడ్లీ బాగున్నా నైసే, పిల్లాడు బుద్ధిమంతుడైనా నైసే. ఆ మాటకు మూలం లాటిన్‌లో 'నెస్కియుస్', అంటే ఏమీ తెలియనివాడు. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో 'నైస్' అంటే తెలివితక్కువ. తరవాత బిడియస్తుడు, చాదస్తుడు, మరీ సున్నితమైనవాడు అయ్యాడు. ఆ సున్నితం నుంచి సూక్ష్మమైన, ఖచ్చితమైన అనే అర్థం వచ్చింది. లాయర్లు 'నైస్ డిస్టింక్షన్' అంటే చక్కని తేడా కాదండి, వెంట్రుకవాసి తేడా. ఇవాళ్టి అర్థం పద్దెనిమిదో శతాబ్దంలో స్థిరపడింది. 'సిల్లీ' సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. మొదట ధన్యుడు, దైవానుగ్రహం పొందినవాడు, తరవాత అమాయకుడు, తరవాత జాలిపడదగినవాడు, చివరికి తెలివితక్కువవాడు. జర్మన్‌లో దాని అక్క 'జేలిష్' ఇప్పటికీ ధన్యతలోనే ఉంది. 'గర్ల్' అంటే పద్నాలుగో శతాబ్దంలో ఆడైనా మగైనా పసిపిల్ల. 'డీర్' అంటే జింకే కాదు, ఏ జంతువైనా సరే. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

మన ప్రాంతంలో చాలా ఇళ్ళల్లో ఉండే పుస్తకం దగ్గరకు వస్తాను. 1611లో ఇంగ్లండు రాజు జేమ్స్ పేరిట వెలువడిన బైబిలు అనువాదం. మిషన్ బడుల్లో చదువుకున్న తాతల పెట్టెల్లో ఆ ఇంగ్లీషు ప్రతి, పక్కన తెలుగు బైబిలు, రెండూ దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే పాత ఇంగ్లీషు నేర్పే గురువు ఇంకొకరు అక్కర్లేదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మనుషులకు విత్తనాలిచ్చే మొక్కల్నీ పళ్ళనీ ఇచ్చి, ఇవి మీకు 'మీట్' అంటాడు. మొక్కలు మాంసమెలా అవుతాయి? తెలుగులో చూడండి: 'మీ కాహారమగును'. అప్పట్లో మీట్ అంటే తినేది ఏదైనా. మిఠాయిని ఇంగ్లీషులో 'స్వీట్‌మీట్' అనడం ఆ అర్థానికి మిగిలిన ఆనవాలు.

ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో 'బీ కేర్‌ఫుల్ ఫర్ నథింగ్' అని ఉంటుంది. ఇవాళ్టి ఇంగ్లీషులో ఇది దేనికీ జాగ్రత్త పడకండి అన్నట్టు వినిపిస్తుంది. తెలుగులో 'దేనినిగూర్చియు చింతపడకుడి'. కేర్ అంటే చింత, కేర్‌ఫుల్ అంటే చింత నిండినవాడు. నూట పంతొమ్మిదో కీర్తనలో భక్తుడు నేను తెల్లవారుజామును 'ప్రివెంట్' చేశానంటాడు. సూర్యోదయాన్ని అడ్డుకోవడం ఎవరి తరం? ప్రివెంట్ అంటే లాటిన్‌లో ముందుగా రావడం. తెలుగు అనువాదం 'తెల్లవారకమునుపే మొఱ్ఱపెట్టితిని'. ముందుగా వచ్చినవాడు దారికి అడ్డంగా నిలబడవచ్చు కాబట్టి ఆ మాట మెల్లగా అడ్డుకోవడం వైపు జరిగింది.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది 'లెట్'. లెట్ అంటే అనుమతించు, అందరికీ తెలుసు. అదే బైబిల్లో థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో లెట్ అంటే అడ్డగించు. ఒకే మాటకు రెండు వ్యతిరేక అర్థాలేమిటని కంగారు పడనక్కర్లేదు. పాత ఇంగ్లీషులో అవి రెండు వేరు వేరు క్రియలు, 'లేటన్' ఒకటి, 'లెట్టన్' ఒకటి. కాలక్రమంలో అరిగి ఒకే రూపానికి వచ్చేశాయి. ఆ రెండో లెట్ చచ్చిపోయిందనుకుంటాం. కోనసీమ నుంచి గల్ఫుకు వెళ్ళే ప్రతి మనిషి సంచిలోనూ అది ప్రయాణం చేస్తోంది. మీ పాస్‌పోర్టు తెరిచి చూడండి. భారత రాష్ట్రపతి పేరు మీద, దీన్ని పట్టుకున్నవాళ్ళను 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్' స్వేచ్ఛగా పోనివ్వండని రాసి ఉంటుంది. ఆ లెట్ అడ్డంకి. టెన్నిస్‌లో సర్వీసు బంతి వలకు తగిలి అవతల పడితే 'లెట్' అంటారే, అదీ దీని చుట్టమేనని చెబుతారు.

ఇక నాకు బాధ కలిగించే మాటల గుంపు ఒకటుంది. మనది రైతుల గడ్డ కాబట్టి దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను. సినిమాలో 'విలన్' అంటాం కదా. లాటిన్‌లో 'విల్లా' అంటే పొలాల మధ్య కట్టుకున్న పెద్ద కమతం. ఆ కమతంలో పనిచేసే మనిషి 'విల్లానుస్'. అంటే పాలేరు. ఆ పాలేరు ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి, ముందు మోటువాడయ్యాడు, తరవాత నీచుడయ్యాడు, చివరికి కత్తి పట్టుకుని హీరో మీదికి దూకేవాడయ్యాడు. 'బూర్' అంటే మర్యాద తెలియనివాడు. మొదట అతనూ సేద్యగాడే. 'నెయిబర్' అనే మంచి మాటలో ఆ బూర్ ఇంకా గౌరవంగానే ఉన్నాడు, పక్కన నివసించేవాడు అనే అర్థంతో. 'చర్ల్' అంటే ఇప్పుడు మోటువాడు, అతనూ మొదట మామూలు రైతుమనిషి. క్రైస్తవులు కానివాళ్ళను చిన్నచూపుతో 'పేగన్' అన్నారు, లాటిన్‌లో ఆ మాటకు పల్లెవాసి అని అర్థం. మరి మంచి మాటలన్నీ ఎక్కడివి? నాజూకైన అనే అర్థమున్న 'అర్బేన్' నగరం నుంచి, మర్యాద గల అనే అర్థమున్న 'సివిల్' పౌరుడి నుంచి.

ఇది ఇంగ్లీషువాళ్ళ ఒక్కరి తప్పు కాదు. మన 'నాగరికత' నగరంలోంచి వచ్చింది. మనం 'పల్లెటూరి బైతు' అంటాం. మన వ్యాకర్తలు శిష్టులు కాని వాళ్ళ మాటను 'గ్రామ్యం' అన్నారు. గ్రామంలో పుట్టింది కాబట్టి దోషం! జనం మాట్లాడే తెలుగులో రాయాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడినప్పుడు ఎదుటి పక్షం విసిరిన రాయి ఈ గ్రామ్యమనే మాటే. నిఘంటువు రాసేవాళ్ళు, కచ్చేరీలో కూర్చునేవాళ్ళు పట్నంలో ఉంటారు. నాగలి పట్టినవాడికి మాట మీద పెత్తనం లేదు. పండించినవాణ్ణే తిట్టుగా మార్చిన ఈ పద్ధతి లోకమంతా ఒకేలా ఉండటం నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

'ఫార్మర్' సంగతి వేరు, దీన్ని మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. లాటిన్‌లో 'ఫిర్మ' అంటే స్థిరంగా కట్టే మొత్తం. ఇంత అని ఒప్పందం చేసుకుని, ఏటా అంత చెల్లించడం. మొదట్లో ఫార్మరంటే ప్రభుత్వానికి ఒక మొత్తం కట్టేసి, ఊళ్ళ మీద శిస్తులు వసూలు చేసుకునే హక్కు పాడుకున్నవాడు. మన భాషలో ఇజారాదారు. కౌలుకు తీసుకున్న భూమి 'ఫార్మ్', దాన్ని కౌలుకు చేసేవాడు ఫార్మరు, ఆ తరవాతే సాగు చేసే ఎవరైనా ఫార్మరు. కంపెనీ కాలం నాటి రెవెన్యూ కాగితాల్లో 'ఫార్మరు రైయతులను పీడించాడు' అనే ధోరణి వాక్యాలు కనిపిస్తాయి. రైతు రైతును పీడించడమేమిటని చదివేవాడు తికమకపడతాడు. అక్కడ రైయత్ మన రైతు. ఫార్మరు వాడి నెత్తి మీద కూర్చున్న గుత్తేదారు. ఈ ఒక్క మాట తప్పుగా చదివితే ఒక కాలం కష్టమంతా తలకిందులవుతుంది. ఇంకొకటి చూడండి: పాత లెక్క ప్రకారం అసలు సిసలు ఫార్మరు ఎవరంటే మన కౌలు రైతే. భూమి వేరేవాళ్ళది, కట్టాల్సిన మొత్తం ముందే ఖాయం, పంట వచ్చినా రాకపోయినా కట్టాలి. ఆ బరువు ఆ మాట పుట్టుకలోనే ఉంది.

రైతును దించిన ఇంగ్లీషు అన్నం పెట్టినవాళ్ళను మాత్రం ఎత్తింది. 'లార్డ్' పాత రూపం 'హ్లాఫ్‌వేర్డ్', రొట్టెను కాపాడేవాడు. 'లేడీ' పాత రూపం 'హ్లాఫ్‌దిగె', రొట్టెపిండి పిసికేది. హ్లాఫ్ అంటే ఇప్పటి 'లోఫ్', రొట్టె. మందికి తిండి సమకూర్చేవాడు ప్రభువు, వండి పెట్టేది దొరసాని. లంకలగన్నవరంలో వచ్చిన ప్రతి బాటసారికీ వేళకాని వేళలో కూడా వండి వడ్డించిన డొక్కా సీతమ్మ గారిని తలుచుకోండి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో లేడీ అనడానికి ఆవిడకున్న అర్హత ఏ రాణికీ లేదని నా నమ్మకం.

ఇప్పుడు మన పొలాల్లోకే వెళ్దాం. వరి కోతల ముందు గట్టు మీద నడుస్తుంటే పక్కన మెత్తటి మట్టి కుప్పగా పోసి కనిపిస్తుంది. దాని కింద బొరియ, పక్క దారులు, లోపల అరలు. ఆ అరల్లో వరి కంకులు పేర్చి ఉంటాయి. వాటిని తవ్వి గింజలు ఏరుకునే వాళ్ళూ ఉన్నారు. ఆ బొరియ యజమాని పందికొక్కు. దాన్ని రెచ్చగొడితే పందిలా గుర్రుమంటుంది, అందుకే ఆ పేరు. ఈ తెలుగు మాటే ఇంగ్లీషులో 'బాండికూట్'. హాబ్సన్-జాబ్సన్ స్పష్టంగా తెలుగు మాట అని రాసి, పంది, కొక్కు అని విడదీసి చూపించింది. జంతుశాస్త్రంలో ఈ ఎలుకల ప్రజాతికి 'బాండికోట' అని పేరు. అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాకు వలస వెళ్ళిన ఇంగ్లీషువాళ్ళకు అక్కడ పొడుగు ముట్టె ఉన్న చిన్న జంతువొకటి కనిపించింది. కంగారూ లాగా పిల్లను సంచిలో పెంచుకునే జాతి అది, ఎలుకతో ఏ సంబంధమూ లేదు. దానికీ ఇదే పేరు పెట్టారు. సిడ్నీలో బడిపిల్లవాడు తన పెరట్లో బాండికూట్ వచ్చిందని చెబుతున్నాడంటే తెలుగు మాట్లాడుతున్నట్టే.

మనల్ని వాళ్ళు ఏమని పిలిచేవారో కూడా తెలుసుకోవాలి. 'జెంటూ'. పోర్చుగీసువాళ్ళు క్రైస్తవులు కానివాళ్ళను 'జెంతియో' అనేవారు. ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చి బెంగాలులో హిందువులందరికీ చెల్లింది. 1776లో హాల్‌హెడ్ అనువదించిన ధర్మశాస్త్ర సంగ్రహం పేరు 'జెంటూ లాస్'. మద్రాసు వైపు మాత్రం జెంటూ అంటే ప్రత్యేకంగా తెలుగువాళ్ళు, తెలుగు భాష. 1816లో ఏ.డీ. క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే 'జెంటూ అని సామాన్యంగా పిలిచే తెలుగు భాష' అనే వివరణ ఉంది. కాబట్టి ఏ పాత ఉత్తరంలోనైనా జెంటూ కనిపిస్తే, అది ఏ ఊరి నుంచి రాసిందో చూడాలి. కలకత్తా ఉత్తరమైతే హిందువు, మద్రాసు ఉత్తరమైతే తెలుగువాడు. ఇక 'రంగం', అంటే రంగూను, వెళ్ళిన మన వాళ్ళను బర్మాలో 'కోరంగీ'లన్నారు, కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చారు కాబట్టి. ఏ ఊరివాడైనా అక్కడ కోరంగీయే. ఆ మాటను చిన్నచూపుతోనే వాడేవారు.

కోరంగి పేరు ఎత్తాను కదా. ఆ ఊరికీ ఒక ఇంగ్లీషు మాటకూ ఉన్న సంబంధం చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. ఆ మాట 'సైక్లోన్'.

1789 డిసెంబరులో కోరంగి మీద ఉప్పెన పడింది. సముద్రంలోంచి మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది ఊళ్ళోకి నీరు తెచ్చింది, రెండోది పల్లపు భూములన్నీ ముంచింది, మూడోది మిగిలినదంతా తుడిచేసింది. రేవులో ఓడలు పొలాల్లోకి కొట్టుకుపోయాయి. యాభై ఏళ్ళ తరవాత 1839 నవంబరులో మళ్ళీ అదే కోరంగి మీద మరో పెనుగాలి. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ ఈ గాలివానల లెక్కలు పట్టుకుని కూర్చున్నాడు. ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ ఓడ దగ్గర గాలి ఏ దిక్కు నుంచి వీచిందో పటం మీద గుర్తుపెట్టుకునేవాడు. అలా చేస్తే తేలిందేమంటే, ఈ గాలి ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు పోయేది కాదు, ఒక నడిమి చుట్టూ తిరిగేది. కోరంగి 1839 గాలి మీద ఆయన రాసిన వ్యాసం ఈ పరిశోధనల్లో తొలినాటిది. అందులో ఆయన దాన్ని 'హరికేన్' అన్నాడు, ఎందుకంటే అప్పటికి సరైన మాట లేదు. గేల్, స్టార్మ్, హరికేన్, ఇవన్నీ గాలి ఎంత గట్టిదో చెప్పేవే గాని దాని నడక చెప్పేవి కావు.

1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఆయన కొత్త మాట ప్రతిపాదించాడు. గ్రీకులో 'కూక్లోస్' అంటే చక్రం, చుట్ట. పాము చుట్ట అనే అర్థం కూడా ఉందని ఆయనే చెప్పాడు. అందులోంచి 'సైక్లోన్'. ఆ మాట వెనక ఉన్న ఉద్దేశం ఎంత మంచిదో చూడండి. గాలి తిరుగుతుందని కెప్టెనుకు తెలిస్తే, అది వీచే దిక్కును బట్టి నడిమి ఎటు ఉందో లెక్కకట్టి ఓడను తప్పించవచ్చు. మనుషుల ప్రాణాలు కాపాడటానికి పుట్టిన మాట అది. 1996 నవంబరులో కోనసీమ తుఫాను చూసిన పెద్దలు ఈ హాల్లో ఉన్నారు. గాలి ఒక వైపు నుంచి కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ ఎదురు వైపు నుంచి కొట్టడం ఎలా ఉంటుందో వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. తుఫాను కన్ను నెత్తి మీదుగా పోతే జరిగేది అదే.

ఒక సంగతి కలుపుతాను. సముద్రం లేచి భూమ్మీదికి రావడానికి ఇంగ్లీషులో 'స్టార్మ్ సర్జ్' అని రెండు మాటలు అతికించుకోవలసి వచ్చింది. మన తీరం వాళ్ళకు 'ఉప్పెన' అనే ఒక్క మాట ఎప్పటినుంచో ఉంది. వార్తల్లో ఈమధ్య 'సముద్రం ముందుకు వచ్చే ప్రమాదం' అని చుట్టు తిప్పి చెబుతున్నారు. ఉప్పెన అంటే పల్లెకారులకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఆ మాట వాడండని విలేకరులకు నా విన్నపం.

ఇంగ్లండులో వెలిసిపోయి మన దగ్గర పచ్చగా ఉన్న మాటలు కొన్ని త్వరగా చెప్పేస్తాను. బడిపిల్లలు పెన్సిల్ గీతలు చెరిపేదాన్ని 'రబ్బరు' అంటారు. చదువుకున్న తల్లిదండ్రులు 'ఎరేజర్ అనాలి' అని దిద్దుతుంటారు. దిద్దకండి. ఆ చెట్టుపాలతో చేసిన పదార్థానికి ఇంగ్లీషులో ఆ పేరు వచ్చిందే పెన్సిల్ గీతల్ని రుద్ది చెరుపుతుందని. 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఆ ఉపయోగాన్ని రాశాడు. టైర్లూ ట్యూబులూ తరవాతి సంగతి. పిల్లలు అసలు అర్థం పలుకుతున్నారు. 'టిఫిను' కూడా ఇంగ్లీషువాళ్ళ వాడుక మాటే. 'టిఫింగ్' అంటే భోజనం వేళ కాని వేళ ఏదైనా తినడం, తాగడం అని 1785 నాటి యాస నిఘంటువులో ఉంది. వాళ్ళు మరిచిపోయారు. మనకు పెసరట్టు ఉన్నంతకాలం ఆ మాటకు ఢోకా లేదు. కారులో 'స్టెప్నీ' వేల్స్ దేశంలో లనెల్లీ పట్టణంలోని ఒక వీధి పేరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అదనపు చక్రం తయారుచేసిన కంపెనీకి ఆ వీధి పేరు పెట్టారు. మన మెకానిక్కులు దాన్ని బతికించారు.

మరికొన్ని పూర్తిగా పోయినవి. మనకు ఎల్లుండి, మొన్న ఉన్నాయి. ఇవాళ్టి ఇంగ్లీషుకు లేవు, 'ది డే ఆఫ్టర్ టుమారో' అని నాలుగు మాటలు కావాలి. 1535లో కవర్‌డేల్ అచ్చువేసిన బైబిల్లో 'ఓవర్‌మారో' అనే మాట ఉంది, ఎల్లుండి అని. మొన్నకు 'ఎర్‌యెస్టర్‌డే' ఉండేది. అంత పనికొచ్చే మాటల్ని ఒక జాతి ఎలా పారేసుకుందో నాకు ఎంతకీ అంతుపట్టదు. వాళ్ళు రోజుల్ని రాత్రులతో లెక్కపెట్టేవారు. పద్నాలుగు రాత్రులు 'ఫోర్ట్‌నైట్', ఏడు రాత్రులు 'సెన్నైట్'. మొదటిది మిగిలింది, రెండోది పోయింది. 1623లో హెన్రీ కాకరమ్ కూర్చిన నిఘంటువులో 'ఏప్రిసిటీ' అని ఒక అందమైన మాట ఉంది. చలికాలంలో ఒంటికి హాయిగా తగిలే ఎండ. ఆ నిఘంటువు దాటి అది జనంలోకి పెద్దగా రాలేదు. మన నీరెండ దానికి దగ్గరగా ఉంటుంది. నీరెండను మాత్రం వాడుతూ ఉండండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగవచ్చు.

(డిగ్రీ విద్యార్థిని ఒకరు: 'సార్, అర్జీల చివర "డూ ది నీడ్‌ఫుల్" అని రాస్తే తప్పు ఇంగ్లీషు అంటున్నారు. నిజమేనా?')

తప్పు కాదమ్మా, పాతది. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఇంగ్లండులో చదువుకున్నవాళ్ళు మామూలుగా రాసిన మాటే అది. కంపెనీ ఉత్తరాలతో మన ఆఫీసుల్లోకి వచ్చింది, అక్కడ మానేశారు, ఇక్కడ ఉండిపోయింది. తాసీల్దారుకు అర్జీ పెడుతుంటే నిరభ్యంతరంగా రాయి, ఆయనకు అర్థమవుతుంది. లండన్‌లో ఉద్యోగానికి రాస్తుంటే ఏ పని కావాలో ఆ పని పేరు చెప్పి అడుగు. చదివేది ఎవరో చూసుకోవాలి గాని, దాన్ని తప్పని సిగ్గుపడవద్దు.

(వెనక వరసలోంచి ఒక పెద్దాయన: 'డెల్టా అన్న మాట కూడా ఇంగ్లీషువాళ్ళు పెట్టిందేనా అండి? కాటన్ దొర గారి కాలంలో వచ్చిందా?')

మంచి ప్రశ్న అడిగారండి. కాటన్ దొర గారు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది 1847 నుంచి 1852 దాకా. డెల్టా అంతకు రెండువేల ఏళ్ళకు పైగా పాతది, గ్రీకు మాట. గ్రీకు లిపిలో 'డ' అక్షరం పేరు డెల్టా. పెద్దక్షరంగా రాస్తే ముక్కోణం, మొన పైకి, అడ్డగీత కిందికి. నైలు నది పాయలుగా చీలి సముద్రంలో కలిసే నేల ఆ అక్షరం ఆకారంలో ఉందని గ్రీకులు ఆ పేరు పెట్టారు. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దపు హెరొడోటస్ రాతల్లో అది ఉంది. తరవాత ఏ నదికైనా అదే పేరయింది. అయితే ఒక చమత్కారం ఉంది. నైలు ఉత్తరానికి పారుతుంది. ఉత్తరం పైన పెట్టి గీసే మన పటాల్లో దాని డెల్టా తలకిందులుగా కనిపిస్తుంది. గోదావరి పటం తీసుకోండి. పైన ధవళేశ్వరం దగ్గర మొన, ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, కింద యానాం నుంచి నరసాపురం దాకా సముద్రం గీత. గ్రీకువాళ్ళ అక్షరం నిటారుగా నిలబడింది ఇక్కడే.